పిల్లల గొంతును చెవి ఎలా దిద్దుతుంది? ప్రాట్ సాఫ్ట్‌వేర్ చూపేది, చూపలేనిది

పిల్లల గొంతు స్వరస్థాయిని, అంటే పిచ్‌ను, కంప్యూటర్‌లో కొలవాలనుకునేవారికి ధ్వనిశాస్త్రం తెలిసినవారు ముందుగా చెప్పే పేరు ప్రాట్. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ రూపొందించి, దశాబ్దాలుగా మెరుగుపరుస్తూ వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ విండోస్, మాక్, లినక్స్ కంప్యూటర్లన్నింటిపైనా పనిచేస్తుంది. పూర్తిగా ఉచితం, సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంటుంది. భాషాశాస్త్ర పరిశోధకుల కోసం తయారైన దీన్ని ఇప్పుడు సంగీతం నేర్పేవారు, వాక్ చికిత్స చేసేవారు, ఆసక్తి గల తల్లిదండ్రులు కూడా వాడుతున్నారు. ప్రాట్ చేయగల పనులన్నింటినీ ఈ సమీక్షలో పరిశీలించడం లేదు. పిల్లలు తమ గొంతును తామే వింటూ స్వరస్థాయిని సరిదిద్దుకునే నేర్పు వయసుతో ఎలా పెరుగుతుందో చూడాలనుకునే వ్యక్తికి ఇది ఎంతవరకు ఉపయోగపడుతుందన్నదే ఇక్కడి ప్రశ్న. నా అంచనా ముందే చెబుతాను. చెవి ఎంత సూక్ష్మంగా వింటుందో ప్రాట్‌తో కొలవవచ్చు, గొంతు ఎంత నిలకడగా పలుకుతుందో ఇంకా బాగా కొలవవచ్చు; కానీ చెవి విన్నదాన్ని బట్టి గొంతు అప్పటికప్పుడు సర్దుకునే తీరును మాత్రం ఇది పట్టుకోలేదు.

ఆ సర్దుబాటు ఏమిటో తెలియకుండా సాఫ్ట్‌వేర్ మంచిచెడ్డలు చెప్పడం కుదరదు. మనం ఒక అచ్చును సాగదీసి పలుకుతున్నప్పుడు, మన గొంతే హెడ్‌ఫోన్ల ద్వారా మనకు వినబడేలా ఏర్పాటు చేసి, మధ్యలో దాని స్వరస్థాయిని చెప్పకుండా కొద్దిగా పెంచితే, మన గొంతు మన ప్రమేయం లేకుండానే కొద్దిగా కిందికి దిగుతుంది. తగ్గించి వినిపిస్తే పైకి లేస్తుంది. ఈ దిశగా జెఫ్రీ ఎల్మన్ 1981లో తన ఫలితాలను ప్రచురించారు. 1990లలో చార్లెస్ లార్సన్, ఆయన సహచరులు ఇదే ప్రతిచర్యను వివరంగా కొలిచారు. పెద్దవారిలో ఇది సుమారు 100 నుండి 150 మిల్లీసెకన్లలో మొదలవుతుంది. మార్చిన మేరకు పూర్తిగా కాకుండా, అందులో కొంత భాగాన్నే గొంతు సరిచేస్తుంది. పలుకుతున్న వ్యక్తికి తన గొంతు కదిలిందన్న సంగతే చాలాసార్లు తెలియదు. చెవికీ గొంతుకూ మధ్య నిరంతరం నడిచే ఈ సర్దుబాటు పెద్దవారిలో స్థిరపడిపోయి ఉంటుంది, పిల్లల్లో ఇంకా రూపుదిద్దుకుంటూ ఉంటుంది.

పిల్లల విషయం ఇంత ఆసక్తికరంగా ఉండటానికి కారణం ఏమిటంటే, వారిలో వినికిడి, స్వరపేటిక, వాటిని కలిపే మెదడు మూడూ ఒకే కాలంలో, కానీ వేర్వేరు వేగాలతో మారుతుంటాయి. నవజాత శిశువు ఏడుపు స్వరస్థాయి సాధారణంగా 400 నుండి 500 హెర్ట్జ్ (సెకనుకు కంపనాల సంఖ్య) మధ్య ఉంటుంది; వయోజన స్త్రీల మాటలో అది 200 హెర్ట్జ్ దరిదాపుల్లో, పురుషుల్లో 120 దరిదాపుల్లో ఉంటుంది. స్వరతంత్రులు పొడవు పెరగడం ఒక ఎత్తయితే, వాటి లోపలి నిర్మాణం మారడం మరొక ఎత్తు. పుట్టినప్పుడు వాటిలో పెద్దవారికి ఉండే పొరల అమరిక ఉండదు. స్వరతంత్రి లోపలి స్నాయువు బాల్యపు తొలి సంవత్సరాల్లో కనిపించడం మొదలై, యౌవనారంభం వరకు పరిపక్వమవుతూనే ఉంటుంది. అంటే నిన్న సరిగ్గా పనిచేసిన కండరాల బిగింపు, వాయిద్యమే మారిపోవడం వల్ల, ఒక ఏడాది తర్వాత అదే స్వరాన్ని ఇవ్వదు. ఆ తేడాను పసిగట్టి లెక్కను కొత్తగా సరిచూసుకునే బాధ్యత ప్రధానంగా చెవిదే.

ఆ బాధ్యత ఎంత పెద్దదో వినికిడి లేని పిల్లల్లో స్పష్టంగా కనిపిస్తుంది. కింబ్రో ఓలర్, రెబెకా ఐలర్స్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో, వినగలిగే శిశువులు మొదటి ఏడాదిలోనే హల్లు, అచ్చు కలిసిన స్పష్టమైన అక్షరాల ముద్దుపలుకులు మొదలుపెట్టగా, తీవ్రమైన వినికిడి లోపం ఉన్న శిశువుల్లో ఆ దశ నెలల తరబడి ఆలస్యమైంది. మరోవైపు, వినికిడి ప్రభావం పుట్టుకకు ముందే మొదలవుతుందనడానికి కూడా ఆధారం ఉంది. ఫ్రెంచ్, జర్మన్ మాట్లాడే కుటుంబాల్లో పుట్టిన శిశువుల ఏడుపులను పోల్చి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి వర్గం పిల్లల ఏడుపులో స్వరం పైకి లేచే తీరు, రెండవ వర్గంలో కిందికి దిగే తీరు ఎక్కువగా కనిపించాయి. అయితే విన్న బాణీని అనుకరించడం వేరు, తన తప్పును తాను విని ఆ క్షణంలోనే దిద్దుకోవడం వేరు. రెండవది చాలా ఆలస్యంగా వస్తుంది. స్వరస్థాయికి కాక అచ్చు గుణానికి సంబంధించినదే అయినా, 2012లో వచ్చిన ఒక అధ్యయనం ఇక్కడ చెప్పదగినది. తాము పలికిన అచ్చు కొంత మార్పుతో తమకే వినబడినప్పుడు పెద్దవారూ నాలుగేళ్ల పిల్లలూ పలుకు సర్దుకున్నారు, రెండేళ్ల పిల్లలు సర్దుకోలేదు.

స్వరస్థాయి విషయానికి వస్తే, నాలుగేళ్ల పిల్లల నుండి ముప్ఫై ఏళ్ల పెద్దల వరకు పరిశీలించి షీరర్, లియూ, జోన్స్ 2013లో ప్రచురించిన ఫలితాలు ఒక ముఖ్యమైన సంగతి చెబుతున్నాయి. సర్దుబాటు పరిమాణం వయసుతో పెద్దగా మారలేదు. మారినవి వేగం, నిలకడ. వయసు పెరిగే కొద్దీ ప్రతిచర్య త్వరగా మొదలైంది, గొంతులోని అస్థిరత తగ్గింది. కాబట్టి చిన్నపిల్లలు తమ గొంతును వినరనో, విన్నా పట్టించుకోరనో అనుకోవడం సరికాదు. వింటారు, సర్దుకుంటారు, కాకపోతే ఆలస్యంగా, హెచ్చుతగ్గులతో సర్దుకుంటారు. ఒక పరికరం ఈ విషయంలో పనికివస్తుందా లేదా అని తేల్చేటప్పుడు నేను అడిగేది కూడా ఇదే: అది వేగాన్ని చూపగలదా, నిలకడను చూపగలదా?

నిలకడను ప్రాట్ అద్భుతంగా చూపుతుంది. పిల్లవాడిని సౌకర్యంగా ఉన్న స్థాయిలో 'ఆ' అని మూడు నాలుగు సెకన్లు సాగదీయమని చెప్పి రికార్డు చేసి, ఆ శబ్దాన్ని తెరిస్తే, కింది భాగంలో స్వరస్థాయి నీలిగీతగా కనిపిస్తుంది. గీతలో కావలసిన భాగాన్ని ఎంచుకుంటే ఆ భాగపు సగటు, గరిష్ఠం, కనిష్ఠం వెంటనే అందుతాయి. దీని వెనక ఉన్నది బూర్స్మా 1993లో ప్రచురించిన ఆటోకోరిలేషన్ పద్ధతి, అంటే శబ్ద తరంగం ఎంత వ్యవధికోసారి తనను తాను పోలి ఉంటుందో చూసే పద్ధతి. శుభ్రమైన రికార్డింగ్ ఇస్తే అది చాలా నమ్మదగినది. చిన్నపిల్లల గీతలో మొదటి భాగం స్వరం కోసం వెతుక్కుంటున్నట్టు ఎక్కి దిగడం, చివరి భాగం ఊపిరి తరిగి జారిపోవడం సాధారణం. అందువల్ల నిలకడను కొలవదలచినవారు రెండు చివరలనూ వదిలి మధ్యభాగాన్నే తీసుకోవాలి. అయితే ఆ మొదటి భాగాన్ని పారేయకూడదు. లక్ష్యస్వరం వినిపించి అదే స్వరం పాడమన్నప్పుడు, ఎక్కడ మొదలుపెట్టి ఎంతసేపటికి ఎక్కడ కుదురుకున్నాడో చెప్పేది ఆ భాగమే. చెవి చేస్తున్న పనికి ప్రాట్‌లో దొరికే అతి దగ్గరి ఆనవాలు కూడా అదే.

అయితే ఇదంతా సెట్టింగులు సరిగా ఉంటేనే. ప్రాట్ స్వరస్థాయిని వెతికేటప్పుడు ఒక కింది హద్దు, ఒక పై హద్దు అడుగుతుంది. పాత వెర్షన్ల విశ్లేషణ కిటికీలో ఇవి 75, 500 హెర్ట్జ్‌గా ఉండేవి, 6.4 వెర్షన్ నుండి వడపోత కలిపిన కొత్త పద్ధతి వచ్చి, హద్దులు 50, 800గా మారాయి. పెద్దవారి మాటకు ఈ హద్దులు సరిపోతాయి, పిల్లలకు సరిపోవు. ఆరేళ్ల పిల్ల 260 హెర్ట్జ్ దగ్గర పలుకుతున్నప్పుడు గొంతులో కొద్దిపాటి బొంగురు ఉంటే, సాఫ్ట్‌వేర్ దాన్ని సరిగ్గా సగమైన 130గా చదివే ప్రమాదం ఉంది. అప్పుడు గీత హఠాత్తుగా ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దూకుతుంది, నిలకడ లెక్క పూర్తిగా చెడిపోతుంది. కింది హద్దును 150 దగ్గర పెడితే ఈ పొరపాటుకు చాలావరకు చోటుండదు. ఉత్సాహం ఎక్కువైన పిల్లలు పాటలోనో కేకలోనో 500 దాటడం మామూలే కాబట్టి పై హద్దును కూడా పెంచాలి. కొత్త పద్ధతిలోనైతే వడపోత పై హద్దు దగ్గరి శబ్దాలను బలహీనపరుస్తుంది కనుక, అసలు ఆశించే గరిష్ఠానికి బాగా పైన పెట్టడం అవసరం. పిల్లల గొంతు నిలకడగా లేదని తేల్చే ముందు అనుమానించవలసింది ఈ రెండు అంకెలనే.

కింది హద్దుకు ఇంకో పర్యవసానం కూడా ఉంది. వడపోత లేని పాత (ముడి) ఆటోకోరిలేషన్ పద్ధతిలో ఒక్కొక్క కొలతకు తీసుకునే శబ్దపు ముక్క పొడవు ఆ హద్దు మీదే ఆధారపడుతుంది: 75 అయితే 40 మిల్లీసెకన్లు, 150 అయితే 20. కొలతల మధ్య దూరం కూడా 10 మిల్లీసెకన్ల నుండి 5కు తగ్గుతుంది. స్వరం ఎప్పుడు కుదురుకుందో చూడాలనుకునేవారికి ఈ తేడా చిన్నది కాదు.

ప్రాట్‌లో నాకు అన్నింటికంటే నచ్చినది, హెచ్చుతగ్గులను హెర్ట్జ్‌లోనే కాక సెమీటోన్లలో (సెమీటోన్ అంటే సంగీతంలో ఒక స్థాయిలో పన్నెండో వంతు) కూడా అడగగలగడం. పిల్లల గొంతును పెద్దల గొంతుతో పోల్చే ఎవరైనా ఈ సౌకర్యాన్ని వాడి తీరాలి. 260 హెర్ట్జ్ దగ్గర ఒక సెమీటోన్ అంటే దాదాపు 15 హెర్ట్జ్, 130 దగ్గర దాదాపు 8 మాత్రమే. హెర్ట్జ్‌లో పోలిస్తే, సంగీతపరంగా తండ్రితో సమానంగా నిలకడ ఉన్న పిల్లవాడు కూడా అతని కంటే రెండింతలు వణుకుతున్నట్టు కనిపిస్తాడు. వయసుతో పాటు అస్థిరత తగ్గుతుందన్నది నిజమే. ఐదు నుండి పదిహేడేళ్ల వయసున్న 436 మంది పిల్లల మాటను విశ్లేషించి సుంగ్‌బాక్ లీ, పొటమియానోస్, నారాయణన్ 1999లో ప్రచురించిన అధ్యయనం కూడా, మాటలోని అనేక కొలతల్లో హెచ్చుతగ్గులు తగ్గుతూ వచ్చి సుమారు పన్నెండేళ్లకు పెద్దవారి స్థాయికి చేరతాయని చూపింది. కానీ ఆ తగ్గుదలలో ఎంత అసలైనదో, ఎంత కేవలం స్వరస్థాయి దిగడం వల్ల అంకెల్లో కనిపించేదో విడదీయాలంటే సెమీటోన్ల లెక్కే శరణ్యం.

ఇక చెవి సంగతి. ప్రాట్‌లో కోరిన పౌనఃపున్యంతో శుద్ధ స్వరాలను తయారు చేయవచ్చు, పలు శబ్దాలను వరుసగా వినిపించి జవాబులు నమోదు చేసే ప్రయోగ సదుపాయం కూడా ఉంది. రెండు స్వరాలు వినిపించి ఏది పైది అని అడుగుతూ, తేడాను చిన్నది చేస్తూ పోతే, పిల్లవాడు ఎంత చిన్న తేడాను గుర్తించగలడో తెలుస్తుంది. బడి వయసు పిల్లలకు ఈ హద్దు సగటున పెద్దవారికంటే ఎక్కువగా ఉంటుంది. విననిదాన్ని దిద్దుకోవడం సాధ్యం కాదు కనుక, గొంతు నిలకడ లోపాన్ని గొంతుకే అంటగట్టే ముందు ఈ పరీక్ష చేయడం న్యాయం. అయితే ఈ సదుపాయం పిల్లలను దృష్టిలో పెట్టుకుని చేసినది కాదు. శబ్దాల జాబితా, జవాబుల పెట్టెలు, ఎన్నిసార్లు పునరావృతం కావాలన్న వివరాలు అన్నీ ఒక టెక్స్ట్ ఫైలులో నియమబద్ధంగా రాసుకోవాలి. జవాబును బట్టి ప్రశ్న కష్టాన్ని పెంచడం, తగ్గించడం తనంతట తాను చేయదు. ముందే రాసిన జాబితానే కలగాపులగం చేసి వినిపిస్తుంది. ఐదేళ్ల పిల్లల్లో అలాంటి పొడవైన జాబితా కొలిచేది సగం చెవిని, సగం ఓపికను. పైగా ఆ వయసులో చాలామందికి స్వరంలో 'పైన', 'కింద' అంటే ఏమిటో ఇంకా స్థిరపడి ఉండదు. రెండూ ఒకటేనా, వేరా అని అడగడం మేలు.

అనుకరణ పరీక్షలో కూడా ఇటువంటి జాగ్రత్తే కావాలి. ప్రాట్ ఇచ్చే శుద్ధ స్వరాన్ని లక్ష్యంగా పెట్టడం సులభమే గాని, పిల్లలు యంత్రధ్వని కంటే తమ గొంతుకు దగ్గరగా ఉండే మనిషి గొంతును బాగా అందుకుంటారు. పురుషుడి గొంతును లక్ష్యంగా ఇస్తే కొందరు ఒక స్థాయి పైన కలుపుతారు, అది తప్పు కాదు; మరికొందరు ఎటూ తేల్చుకోలేక మధ్యలో ఎక్కడో నిలుస్తారు. మరో బిడ్డ పాడిన స్వరాన్ని రికార్డు చేసి, ప్రాట్‌లోనే ఉన్న మార్పిడి సదుపాయంతో దాని స్వరస్థాయిని కావలసిన చోటికి జరిపి వాడుకోవడం అన్నింటికంటే మంచి మార్గం. ఈ మార్పిడి సహజంగా వినబడుతుంది, స్వరాన్ని కొద్దిగా జరిపినప్పుడు మరీను.

అసలు లోటు ఇక్కడే బయటపడుతుంది. ప్రాట్ గొంతును మార్చగలదు, కానీ రికార్డు చేసిన తర్వాతే. పిల్లవాడు పలుకుతుండగానే అతని స్వరాన్ని మార్చి అతనికే వినిపించలేదు. కనీసం పలుకుతుండగా స్వరస్థాయి గీతను కూడా చూపదు. రికార్డింగ్ జరుగుతున్నంతసేపు కనబడేది శబ్దతీవ్రతను తెలిపే పట్టీ మాత్రమే. కాబట్టి ఎల్మన్, లార్సన్‌ల తరహా ప్రయోగం దీనితో అసాధ్యం. సర్దుబాటు వేగం, వయసుతో పాటు ఎక్కువగా మారే ఆ అంశమే, ప్రాట్‌కు అందదు. మాట్‌ల్యాబ్‌తో పనిచేసే ఆడాప్టర్ వంటి ప్రత్యేక సాఫ్ట్‌వేర్లు ఈ పని చేస్తాయి గాని, వాటికి తగిన శబ్ద పరికరాలు, ప్రోగ్రామింగ్ పరిచయం ఉండాలి. గొంతు మార్చే ఏదో ఒక వినోదపు యాప్‌ను హెడ్‌ఫోన్లకు తగిలించి ఇంట్లోనే ప్రయత్నించాలనిపించవచ్చు. అటువంటివాటిలో శబ్దం కొంత ఆలస్యంగా చెవికి చేరుతుంది. తన గొంతు తనకు సెకనులో ఐదో వంతు ఆలస్యంగా వినబడితే పెద్దవారు కూడా తడబడతారని బెర్నార్డ్ లీ 1950లోనే చూపాడు. అప్పుడు మనం కొలిచేది స్వరస్థాయికి వచ్చిన ప్రతిచర్యనా, ఆలస్యానికి వచ్చిన తడబాటునా అన్నది తేలదు.

దీనికి ప్రత్యామ్నాయంగా కొందరు సూచించేది, హెడ్‌ఫోన్లలో హోరుశబ్దం పెట్టి గొంతును వినబడకుండా చేసి, నిశ్శబ్దంలోని నిలకడతో పోల్చడం. ఆలోచన మంచిదే, ప్రాట్ రెండు రికార్డింగులను చక్కగా పోలుస్తుంది కూడా. కానీ మన గొంతు మనకు గాలి ద్వారానే కాక తల ఎముకల ద్వారా కూడా వినబడుతుంది, హోరు దాన్ని పూర్తిగా కప్పదు. హోరులో మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఎతియెన్ లంబార్ 1911లో ప్రచురించాడు. గొంతు పెరిగితే స్వరస్థాయి కూడా పెరుగుతుంది. అందువల్ల హోరులో సగటు స్వరం పైకి పోయిందని చూసి, చెవి అదుపు తప్పిందని చెప్పడం తొందరపాటు. చూడవలసింది సగటును కాదు, సెమీటోన్లలో హెచ్చుతగ్గులను. పెద్ద శబ్దంతో పిల్లల చెవులకు కలిగే హాని దృష్ట్యా, ఈ పరీక్షను నిపుణుల పర్యవేక్షణ లేకుండా చేయవద్దనే నా సలహా.

ప్రాట్ తన అసలు విలువను చూపేది ఒకే బిడ్డను ఏళ్ల తరబడి గమనించినప్పుడు. వేర్వేరు వయసుల పిల్లలను ఒకసారి కొలిచి పోల్చడం కంటే, అదే బిడ్డ అదే పలుకును అదే పద్ధతిలో ఆరు నెలలకోసారి రికార్డు చేస్తూ పోవడం ఎక్కువ చెబుతుంది. యౌవనారంభంలో ఇది ప్రత్యేకంగా ఆసక్తికరం. అబ్బాయిల్లో స్వరస్థాయి సుమారు ఒక స్థాయి మేర పడిపోతుంది, అమ్మాయిల్లో తగ్గుదల కొద్ది సెమీటోన్లే. ఏళ్లుగా కుదిరిన నిలకడ ఆ నెలల్లో మళ్లీ చెదురుతుంది. చక్కగా శ్రుతి కలిపి పాడే పిల్లవాడు హఠాత్తుగా తప్పుతున్నాడంటే చెవి చెడిందని కాదు. చెవి వింటూనే ఉంది, గొంతు పాత లెక్కతో పలుకుతోంది. ఈ సమయంలో గీత రెండు స్థాయిల మధ్య దూకడం కనబడితే అది కొలత దోషం కూడా కాకపోవచ్చు, గొంతు నిజంగానే విరిగి ఉండవచ్చు. రెంటినీ వేరుచేయడానికి ఆ భాగాన్ని పెద్దదిగా చేసి తరంగాన్ని కంటితో చూసే వీలు ప్రాట్‌లో ఉండటం ఎంతో మేలు. అంకెను మాత్రమే చూపే ఫోన్ యాప్‌లలో ఈ వీలు తక్కువ.

స్వర నివేదిక పేరుతో జిట్టర్ (స్వరస్థాయిలోని సూక్ష్మమైన వణుకు), షిమ్మర్ (తీవ్రతలోని సూక్ష్మమైన వణుకు) వంటి కొలతలను కూడా ఇది ఒక్క నొక్కుతో ఇస్తుంది. తల్లిదండ్రులు వీటి జోలికి పోకపోవడమే మంచిది. మైకు దూరం, గది హోరు, పలికిన తీవ్రత ఏది మారినా ఆ అంకెలు మారిపోతాయి. బిడ్డ గొంతు వారాల తరబడి బొంగురుగా ఉన్నా, పిలిస్తే పలకడంలో తేడా కనిపించినా చూపించవలసింది చెవి, ముక్కు, గొంతు వైద్యులకు, వినికిడి పరీక్ష చేసేవారికి.

వాడుక సౌలభ్యంలో ప్రాట్‌కు మంచి మార్కులు ఇవ్వలేను. తెరవగానే రెండు కిటికీలు వస్తాయి, వాటిలో ఒకటి చాలామందికి ఎన్నటికీ అవసరపడదు. మెనూలు, సహాయ పుటలు ఆంగ్లంలోనే, అవి కూడా ధ్వనిశాస్త్ర పరిభాషలో ఉంటాయి. రికార్డు చేసిన శబ్దం జాబితాలో కనిపించినంత మాత్రాన డిస్క్‌లో భద్రమైనట్టు కాదు, విడిగా సేవ్ చేయాలి. ఫోన్‌లో పనిచేయదు. మరోవైపు, ఒకసారి స్క్రిప్టు రాసుకుంటే పదుల కొద్దీ రికార్డింగులను ఒకే సెట్టింగులతో విశ్లేషించి పట్టికగా ఇస్తుంది. ఏళ్ల తరబడి పోల్చవలసిన పనికి ఇంతకంటే కావలసింది లేదు. పాట నేర్పుతూ పిల్లలకు వారి గీతను అప్పటికప్పుడు చూపాలనుకునే ఉపాధ్యాయులు దీన్ని ఎంచుకోవద్దు, వారికి ప్రత్యక్షంగా గీత చూపే సాధారణ యాప్ చాలు. కొలిచి, దాచి, పోల్చాలనుకునేవారు మాత్రం ప్రతి రికార్డింగ్‌ను డబ్ల్యూఏవీ ఫైలుగా భద్రపరచి, దాని పక్కనే బిడ్డ వయసు నెలల్లో, మైకు దూరం, వాడిన రెండు హద్దులు, ప్రాట్ వెర్షన్ సంఖ్య తప్పక రాసుకోవాలి. విశ్లేషణ పద్ధతి వెర్షన్‌తో పాటు మారింది కనుక, పాత ఫైళ్లను కొత్త వెర్షన్‌లో మళ్లీ కొలవకుండా పాత అంకెలను కొత్త అంకెల పక్కన పెట్టకూడదు.